బంగారు పూత ద్రావణం ఎర్రబడుతోంది, ఇంకా ఎంత బంగారం పోయాలి?

పాతగడియారం | మార్చి 2, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మల్కాజిగిరిలో ఉంటాను. పాత ఆల్విన్ గడియారాలు ఏరి తెచ్చి బాగుచేసుకోవడం నా వ్యసనం. మన ఊరి సంస్థ, సీకో సహకారంతో చేసిన సరుకు కదా, వాటి మీద కాస్త పక్షపాతం ఉంది. వన్నె పోయిన కేసులకు మళ్లీ బంగారు పూత వేద్దామని అయిదు నెలల క్రితం సయనైడ్ లేని సల్ఫైట్ ద్రావణం అర లీటరు కొన్నాను. లీటరుకు 2 గ్రాముల బంగారం అని సీసా మీద ఉంది. తరిగినప్పుడు కలుపుకోవడానికి ఒక చిన్న సీసాలో గాఢ ద్రావణం కూడా ఇచ్చారు. అది లీటరుకు 100 గ్రాములది.

మొదటి మూడు నెలలు పూత కొత్త పసుపులా పచ్చగా వచ్చింది. సంక్రాంతి దాటాక రంగు తిరిగింది. ముందు కేసు చెవుల (పట్టీ తగిలించే కొమ్ముల) అంచుల్లో ఎరుపు కనిపించింది. ఇప్పుడు మొత్తం మీదనే చింతపండుతో తోమిన రాగి చెంబు ఛాయ.

నా సరంజామా చెబుతాను. బీకరును వేడినీళ్ల గిన్నెలో పెట్టి 50 డిగ్రీల దగ్గర ఉంచుతాను. ఆనోడ్, అంటే ప్లస్ తీగ తగిలించేది, ప్లాటినం పూత ఉన్న టైటానియం జాలీ. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న చిన్న పవర్ సప్లై. ఆవిరైపోయిన మేరకు ఇంట్లోని ఆర్వో నీళ్లు కలుపుతున్నాను.

బంగారం తరిగిపోయిందేమోనని 2 మిల్లీలీటర్ల గాఢ ద్రావణం పోశాను. మార్పు లేదు. మళ్లీ 3 పోశాను. ఆ సీసా ధర తలుచుకుంటే చేయి వణుకుతోంది. ఇంకా ఎంత పోయాలి?

బాలానగర్ బాబాయి | మార్చి 2, రాత్రి 10:48

ఇంకొక్క చుక్క కూడా పోయకండి.

ముప్ఫయి రెండేళ్లు బాలానగర్‌లో ప్లేటింగ్ షాపు నడిపి, మోకాళ్లు అరిగాక మానేశాను. ఈ పొరపాటు చేయని కుర్రాడిని నేను చూడలేదు, నాతో కలిపి. పూత బాగా రాకపోతే మొదట అందరికీ బంగారమే గుర్తొస్తుంది. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా గ్లూకోజు ఎక్కించినట్టు.

నాలుగు సంగతులు చెప్పండి. ఇప్పటిదాకా ఎన్ని వస్తువులకు పూత వేశారు? పీహెచ్, అదే ద్రావణం ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, ఎప్పుడైనా చూశారా? వస్తువును దేనితో వేలాడదీస్తున్నారు? ద్రావణంలో ఊదా ఛాయ గానీ అడుగున నల్లటి మడ్డి గానీ ఉందా?

పాతగడియారం | మార్చి 2, రాత్రి 11:20

బాబాయి గారూ, ధన్యవాదాలు. లెక్క రాసుకోలేదు. గుర్తున్నంతవరకు 8 గడియారం కేసులు, మా చెల్లెలి చెవిదిద్దులు 11 జతలు. దిద్దుల్లో సగం ఆమె స్నేహితురాళ్లవని తర్వాత తెలిసింది. పీహెచ్ చూడలేదు. కరెంటు తీగ పై తొడుగు వలిచి, లోపలి రాగి తీగతో కొక్కెం చేసుకున్నాను. ద్రావణం తేటగానే ఉంది, ఊదా రంగు లేదు.

గీటురాయి | మార్చి 3, ఉదయం 6:30

కాలేజీకి వెళ్లేముందు ఒక చిన్న లెక్క చెప్పి వెళతాను. రసాయనశాస్త్రం పాఠం అనుకోకండి, కిరాణా పద్దు అనుకోండి.

బంగారం సాంద్రత 19.3. అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పూత పడితే 1.93 మిల్లీగ్రాములు ఖర్చు. గడియారం కేసు పైభాగం, చుట్టూ కలిపి 15 చదరపు సెంటీమీటర్లు వేసుకుందాం. ఒక మైక్రాన్ పూతకు 29 మిల్లీగ్రాములు. ఎనిమిది కేసులకు 232. దిద్దుల జత 6 చదరపు సెంటీమీటర్లు, అర మైక్రాన్ పూత అనుకుంటే జతకు 5.8 చొప్పున 11 జతలకు 64. మొత్తం 296 మిల్లీగ్రాములు.

వస్తువును బయటికి తీసినప్పుడు దానికి అంటుకుని కొంత ద్రావణం పోతుంది. ముప్ఫయి వస్తువులు, ఒక్కోదానికి అర మిల్లీలీటరు చొప్పున 15 మిల్లీలీటర్లు. అందులో బంగారం 30 మిల్లీగ్రాములు.

మీ దగ్గర మొదట ఉన్నది ఒక గ్రాము. 326 మిల్లీగ్రాములు పోయింది. మీరు పోసిన 5 మిల్లీలీటర్ల గాఢ ద్రావణంలో అర గ్రాము ఉంది. ఇప్పుడు బీకరులో ఉన్నది దాదాపు 1.17 గ్రాములు, అంటే కొన్ననాటికన్నా ఎక్కువ! మీ ద్రావణానికి బంగారం కరువు లేదు. కరువు లేని ఇంట్లో ఇంకెవరో దూరారు.

లాడ్‌బజార్ గాజు | మార్చి 3, ఉదయం 9:05

గీటురాయి అక్క లెక్క చూసి నా పుస్తకం తీసి చూసుకున్నాను. ఆరు నెలలుగా ఒక్క అంకె రాయలేదు.

నీళ్ల సంగతి నాదొక ప్రశ్న. ఆర్వో నీళ్లు మంచివి కావంటారు, నేను ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడుతున్నాను. ఆవిరి చల్లారి వచ్చిన నీళ్లే కదా, డిస్టిల్డ్ నీళ్లతో సమానం కాదా?

బాలానగర్ బాబాయి | మార్చి 3, ఉదయం 9:40

అమ్మా, ఆ నీళ్లు దేని మీద చల్లారి కారుతున్నాయో చూశారా? రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు. వాటి మీద ఏడాది దుమ్ము, బూజు. ఇస్త్రీ పెట్టెలో పోసుకోండి, పూత ద్రావణంలో వద్దు.

ఆర్వో నీళ్లు తాగడానికి చేసినవి. మన హైదరాబాదు బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎంతుంటాయో బకెట్ల అంచుకు పట్టిన తెల్లటి గార చూస్తే తెలుస్తుంది. ఆర్వో అందులో చాలా భాగం తీసేస్తుంది గానీ మొత్తం తీయదు. ద్రావణంలో ఆవిరై పోయేది నీరు ఒక్కటే, లవణం అక్కడే ఉండిపోతుంది. ప్రతి వారం 50 మిల్లీలీటర్లు కలిపితే ఏడాదికి రెండున్నర లీటర్ల నీటిలోని క్లోరైడు, కాల్షియం ఆ అర లీటరులోకి చేరినట్టు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊళ్లో ఎంత ఆవిరవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మా షాపులో పరీక్ష ఇది. శుభ్రమైన అద్దం ముక్క మీద ఒక చెంచాడు నీళ్లు పోసి ఎండలో ఆరబెట్టండి. మచ్చ మిగిలితే ఆ నీళ్లు వద్దు. నిజంగా డిస్టిల్డ్ నీళ్లు అయితే అద్దం ఏమీ జరగనట్టు ఉంటుంది. బ్యాటరీ దుకాణాల్లో అమ్మే నీళ్లు కూడా ఇలా పరీక్షించాకే వాడండి. కొన్ని డబ్బాల్లో ఉండేది కుళాయి నీళ్లే.

ఇంకో మాట. ముందు బీకరు మీద గీత గీసి మట్టం గుర్తు పెట్టుకోండి. పని అయ్యాక కాదు, మొదలుపెట్టేముందు నీళ్లు కలపండి. మట్టం సరిచేయకుండా బంగారం కలిపితే గాఢత ఎంతో మీకే తెలియదు.

బందరు బంగారం | మార్చి 3, మధ్యాహ్నం 1:10

నేను కూకట్‌పల్లిలో ఉంటున్నా మాది చిలకలపూడి. గిల్టు నగలు మా ఇంట్లో మూడు తరాల పని. మా తాతగారు పూతను మలాము అనేవారు. ఆ మాట ఇప్పుడు ఎవరి నోటా వినబడదు.

రాగి తీగ కొక్కెం అన్న మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది. పాతగడియారం గారూ, ఆ తీగ ద్రావణంలో మునుగుతోందా? వస్తువును ముంచాక కరెంటు పెడుతున్నారా, కరెంటు పెట్టి ముంచుతున్నారా?

పాతగడియారం | మార్చి 3, సాయంత్రం 6:45

తీగ ఒక అంగుళం దాకా మునుగుతుంది. ముందు వస్తువు ముంచి, సరిగ్గా వేలాడుతోందో లేదో చూసుకుని, తర్వాత స్విచ్ వేస్తాను. అది తప్పా?

పీహెచ్ కాగితం తెచ్చాను. 8కి కాస్త కింద చూపిస్తోంది. సీసా మీద 9 నుంచి 9.5 అని ఉంది.

గీటురాయి | మార్చి 3, రాత్రి 8:30

రెండూ ముఖ్యమైన సంగతులే. పీహెచ్ ముందు చెబుతాను, ఎందుకంటే అది ఆగదు.

మీ ఆనోడ్ కరగని రకం. అక్కడ బంగారం కరగదు కాబట్టి నీరే విడిపోయి ఆక్సిజన్ వస్తుంది, దానితోపాటు ఆమ్లత్వం పుడుతుంది. పూత వేసిన ప్రతిసారీ పీహెచ్ కొద్దికొద్దిగా దిగుతుంది. సల్ఫైట్ ద్రావణం బతికేది క్షారంలోనే. పీహెచ్ 7 వైపు జారితే సల్ఫైట్ విడిపోయి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. దీపావళి మర్నాడు వీధిలో వచ్చే ఘాటు వాసన తెలుసు కదా, అలాంటిదే. ఆ తర్వాత బంగారాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. సన్నని రేణువులుగా విడిపోయి ముందు ఊదాగా, తర్వాత నల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. బాబాయి గారు ఊదా రంగు గురించి అడిగింది అందుకే. మీరు ఇంకా అక్కడికి చేరలేదు, అదృష్టం.

ద్రావణంతో పాటు ఇచ్చిన పీహెచ్ పెంచే సీసా ఉంటుంది. చుక్కచుక్కగా, గాజు కడ్డీతో కలుపుతూ, ప్రతి పది చుక్కలకు ఒకసారి కొలుస్తూ వేయండి. ద్రావణం గది వేడికి చల్లారాక కొలవండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పవు.

గాలి తగిలినా సల్ఫైట్ కాస్త కాస్త సల్ఫేటుగా మారిపోతుంది. పని లేనప్పుడు బీకరులో వదిలేయకుండా, మెడ దాకా నిండే ముదురు గోధుమరంగు గాజు సీసాలో పోసి మూత పెట్టండి. సగం ఖాళీ సీసా అంటే సగం గాలి.

కొత్తచేయి | మార్చి 3, రాత్రి 10:02

ఇంత తంటా ఎందుకండీ? మా వీధి చివర నగల పాలిష్ దుకాణంలో సయనైడ్ పొడే వాడతారు. పీహెచ్ గోల లేదు, పూత మెరిసిపోతుంది. నాకు కొంచెం ఇస్తామన్నారు. ఒక వీడియోలో అయితే బంగారు ముక్కను ద్రవరాజం అనే ఆమ్లాల మిశ్రమంలో కరిగించి, అమ్మోనియా పోసి ఇంట్లోనే ద్రావణం చేశారు.

బాలానగర్ బాబాయి | మార్చి 3, రాత్రి 10:10

ఆ పొడి ముట్టుకోవద్దు. నేను ముప్ఫయి రెండేళ్లు సయనైడ్‌తోనే పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. పూత బాగా వస్తుంది, నిజమే. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ కుటుంబం వాళ్లు పేటెంటు తీసుకున్న నాటి నుంచి లోకమంతా దానిమీదే నడిచింది. కానీ మా షాపులో గాలి లాగే గొట్టాలు ఉండేవి. ఆమ్లం తొట్టి ఒక గోడకు, సయనైడ్ తొట్టి ఎదుటి గోడకు ఉండేవి. రెండింటి మధ్య కడిగే తొట్లు మూడు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ గదిలో పని చేయకూడదన్నది మా నియమం. ఎందుకంటే దానిలో ఆమ్లం పడితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు వస్తుంది. రెండో అవకాశం ఇవ్వదు. వంటింటి పక్క బాల్కనీలో, పిల్లలు తిరిగే ఇంట్లో దానికి చోటు లేదు.

గీటురాయి | మార్చి 3, రాత్రి 10:31

ఆ వీడియో గురించి కూడా చెప్పాలి. బంగారు క్లోరైడులో అమ్మోనియా పోస్తే వచ్చే పసుపు మడ్డి ఆరితే పేలుతుంది. గీతలు పడేంత రాపిడి చాలు. రసవాదుల కాలం నుంచి తెలిసిన ప్రమాదం ఇది. ఆ వీడియో చేసిన మనిషికి రెండు చేతులూ ఉండటం కేవలం అదృష్టం.

నిర్వాహకుడు | మార్చి 3, రాత్రి 11:00

సయనైడ్ కొనుగోలు, ద్రవరాజం వంటకాలు ఈ వేదికలో చర్చించం. కొత్తచేయి గారూ, మీ పోస్టులో దుకాణం ఆనవాలు ఉన్న వాక్యం తీసేశాను. మిగతా ప్రశ్నలు నిరభ్యంతరంగా అడగండి.

కొత్తచేయి | మార్చి 3, రాత్రి 11:12

సరేనండీ. తెలియక అడిగాను. వద్దని వాళ్లకు చెప్పేస్తాను.

బందరు బంగారం | మార్చి 4, ఉదయం 7:20

మళ్లీ రాగి దగ్గరికి వద్దాం. కరెంటు లేకుండా రాగి వస్తువును బంగారు ద్రావణంలో ముంచితే అది ఊరుకోదు. రాగి కరిగి ద్రావణంలోకి పోతుంది, దాని బదులు బంగారం వచ్చి రాగి మీద కూర్చుంటుంది. అలా కూర్చున్న బంగారం గట్టిగా పట్టదు, వేలితో రుద్దితే మసిలా లేస్తుంది. దానిమీద ఎంత మంచి పూత వేసినా పొట్టులా ఊడుతుంది. అందుకే ముందు క్లిప్పులు తగిలించి, కరెంటు పెట్టి, అప్పుడు ముంచాలి. తీసేటప్పుడూ అంతే, బయటికి వచ్చాకే స్విచ్ ఆపాలి. కొక్కేనికి టైటానియం తీగ వాడండి, లేదా రాగి తీగకు వస్తువు తాకే చోటు తప్ప మిగతా అంతా తొడుగు వలవకుండా ఉంచండి.

మీ గడియారం కేసులు ఇత్తడివే కదా? వాటికి కింద నికెల్ పూత ఉందా? ఇత్తడి మీద నేరుగా బంగారం వేస్తే ఆ రాగి, జింకు కాలక్రమంలో పూతలోకి పాకి వస్తాయి. నికెల్ మధ్యలో గోడలా నిలబడుతుంది. దిద్దులకు మాత్రం నేను నికెల్ వేయను. దురద పుట్టే చెవులు ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటాయి.

పాతగడియారం | మార్చి 4, రాత్రి 9:15

కేసులకు పాత క్రోమియం తీయించి నికెల్ వేయించడం వరకు ప్లేటింగ్ షాపులోనే ఇచ్చాను, ఆ పని ఇంట్లో పెట్టుకోలేదు. దిద్దులు మాత్రం ఇత్తడి మీద నేరుగానే.

ఇవాళ సాయంత్రం ద్రావణాన్ని వడపోత కాగితం మీదుగా మరో బీకరులోకి నెమ్మదిగా వంచాను. అడుగున ఒక దిద్దు శీల ఉంది! ఒక వైపు నల్లగా, మరో వైపు తినేసినట్టు గుంటలు. మరలు సగం అరిగిపోయాయి. జనవరిలో మా చెల్లెలు ఒక శీల పోయిందని ఇల్లంతా వెతికింది. మంచం కింద, తువ్వాలులో, చివరికి పనిమనిషిని కూడా అడిగింది. రెండు నెలలుగా అది నా బీకరులో కరుగుతోంది.

ఆమెకు ఇంకా చెప్పలేదు.

లాడ్‌బజార్ గాజు | మార్చి 4, రాత్రి 9:22

ముందు ఆ పనిమనిషికి చెప్పండి.

పాతగడియారం | మార్చి 4, రాత్రి 9:30

నిజమే. ఆ పని రేపు ఉదయమే చేస్తాను.

మరి ఈ రాగిని బయటికి తీసే మార్గం ఉందా? నికెల్ తొట్లలో వంకరటింకర రేకు వేలాడదీసి తక్కువ కరెంటుతో రాత్రంతా నడిపితే రాగి దాని మీదకు వచ్చేస్తుందని ఎక్కడో చదివాను.

బాలానగర్ బాబాయి | మార్చి 5, ఉదయం 8:00

నికెల్‌కు అది సరైన వైద్యమే, మేమూ నెలకోసారి చేసేవాళ్లం. బంగారానికి కూడా పనికొస్తుందనుకుంటాను, ప్రయత్నించి చూడండి.

గీటురాయి | మార్చి 5, సాయంత్రం 5:40

బాబాయి గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నదాన్ని. కానీ ఇక్కడ అది పనిచేయదు. నికెల్‌కన్నా రాగి సులువుగా లోహంగా మారుతుంది. అందుకే తక్కువ కరెంటు పెడితే రాగి ముందు బయటికి వచ్చి, నికెల్ వెనక ఉండిపోతుంది. బంగారంతో వరస తిరగబడుతుంది. అన్నిటికన్నా ముందు వచ్చేది బంగారమే. తక్కువ కరెంటుతో రాత్రంతా నడిపితే తెల్లారేసరికి రేకు మీద బంగారం, బీకరులో రాగి మిగులుతాయి. దొంగను ఇంట్లో ఉంచి ఇంటాయనను గెంటేసినట్టు.

పాతగడియారం గారి కేసుల్లో ఎరుపు ముందు అంచుల్లోనే ఎందుకు వచ్చిందో కూడా ఇదే చెబుతుంది. అంచుల దగ్గర కరెంటు ఎక్కువగా చేరుతుంది. అక్కడికి చేరే బంగారం చాలక రాగి కూడా వచ్చి కూర్చుంటుంది.

బాలానగర్ బాబాయి | మార్చి 5, సాయంత్రం 6:05

ఒప్పుకున్నాను. మా షాపులో బంగారం తొట్టిలో రాగి చేరితే మేము చేసింది ఒకటే, తొట్టిని బంగారం శుద్ధి చేసేవాళ్లకు పంపడం. ఎందుకు పంపేవాళ్లమో ఇవాళ తెలిసింది.

బొగ్గు పొడి వేసి వడగట్టమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. బొగ్గు తీసేది నూనె, పాలిష్ మైనం లాంటి మురికిని. రాగిని తీయదు, పైగా కొంత బంగారాన్ని పట్టుకుంటుంది. ఎప్పుడైనా వాడితే ఆ బొగ్గును, వడపోత కాగితాలను పారేయకండి. ఎండబెట్టి ఒక డబ్బాలో వేసుకోండి. కంసాలి దుకాణాల మట్టిని కూడా కొనేవాళ్లు ఉన్న ఊరు ఇది.

కొత్తచేయి | మార్చి 5, రాత్రి 8:50

అయితే ఈ ద్రావణం మొత్తం దండగేనా? ఇంకో ప్రశ్న, సీసా అమ్మేవాళ్లు ఇన్ని మిల్లీలీటర్లు కలపమని చెబుతారు గానీ ఎప్పుడు కలపాలో చెప్పరు. ఎలా తెలుస్తుంది?

గీటురాయి | మార్చి 5, రాత్రి 9:35

దండగ కాదు. అందులో ఒక గ్రాముకు పైగా బంగారం ఉంది. కరెంటు సగానికి తగ్గిస్తే ఎరుపు కాస్త తగ్గుతుంది కూడా.

ఎప్పుడు కలపాలన్నది తూకం చెబుతుంది. నగల తూకం త్రాసు, మిల్లీగ్రాము చూపించేది కొనండి. పూతకు ముందు వస్తువును కడిగి, ఆరబెట్టి తూచండి. పూత తర్వాత మళ్లీ అలాగే. తేడా పుస్తకంలో రాయండి. మొత్తం బంగారంలో ఆరో వంతో అయిదో వంతో ఖర్చయినప్పుడు అంతే కలపండి. ఒక గ్రాము ఉన్న బీకరులో 200 మిల్లీగ్రాములు పోయాక 2 మిల్లీలీటర్ల గాఢ ద్రావణం, సిరంజితో. సగం అయిపోయేదాకా ఆగితే పూత రంగు, వేగం రెండూ దారి తప్పుతాయి. రోజూ రెండు చుక్కలు పోస్తే లెక్క దారి తప్పుతుంది.

త్రాసు లేకపోతే కరెంటును నమ్ముకోవచ్చు. సల్ఫైట్ ద్రావణంలో ఒక యాంపియర్ ఒక నిమిషం నడిస్తే గరిష్ఠంగా 122 మిల్లీగ్రాముల బంగారం దిగుతుంది, ద్రావణం ఆరోగ్యంగా ఉంటే దాదాపు అంతా దిగుతుంది. 15 చదరపు సెంటీమీటర్ల కేసుకు 30 మిల్లీ యాంపియర్లు పెడితే నిమిషానికి 3.7 మిల్లీగ్రాములు. ఒక మైక్రాన్‌కు 8 నిమిషాలు. త్రాసు చెప్పేది, కరెంటు చెప్పేది రెండూ సరిపోతే అంతా బాగున్నట్టు. త్రాసు తక్కువ చూపిస్తే ద్రావణంలో ఏదో తేడా ఉంది. నా దృష్టిలో ఇంట్లో చేయగలిగిన అత్యుత్తమ రోగ నిర్ధారణ అదే, పీహెచ్ కాగితం తర్వాత.

బాలానగర్ బాబాయి | మార్చి 5, రాత్రి 10:15

దానికి ఒక గాజు జాడీ చేర్చండి. పూత అయ్యాక వస్తువును నేరుగా కుళాయి కింద పెట్టకుండా, ముందు డిస్టిల్డ్ నీళ్ల జాడీలో ఒకసారి ముంచండి. అంటుకున్న ద్రావణమంతా అక్కడ దిగుతుంది. మరోసారి బీకరు మట్టం తగ్గినప్పుడు ఆ జాడీ నీళ్లే కలపండి. పోయిన బంగారం ఇంటికి తిరిగొస్తుంది. గుండ్లు, జుమ్కాలు లాంటి బోలు వస్తువులు చేసేవారికి ఇది మరీ ముఖ్యం, ఒక్కో జుమ్కా చెంచాడు ద్రావణం మోసుకుపోతుంది. వస్తువును ముందు ఆమ్లంలో ముంచే అలవాటు ఉంటే, ఆ నీళ్ల చుక్క కూడా బీకరులోకి రాకుండా బాగా కడగాలి.

ఏ ద్రావణమూ చిరంజీవి కాదు. మొదట పోసినంత బంగారం బయటికి వెళ్లి, అంతే మళ్లీ పోసుకుంటే ఒక చుట్టు అంటాం. చుట్టుచుట్టుకూ సల్ఫేటు పేరుకుంటుంది, ద్రావణం చిక్కబడుతుంది, పూత మసకబారుతుంది. ఇంటివాళ్లు ఇన్ని నీళ్లు, ఇంత ధూళి మధ్య రెండు మూడు చుట్లు లాగితే గొప్పే. ఆ తర్వాత బంగారమంతా స్టీలు రేకు మీదకు దించి, రేకును శుద్ధి చేసేవాళ్లకు ఇచ్చి, కొత్తది మొదలుపెట్టండి. మిగిలిన నీళ్లు సింకులో పోయకండి, రాగి ఉన్న నీళ్లు అవి. శుద్ధి చేసేవాళ్లకే డబ్బాతో సహా ఇవ్వండి.

పాతగడియారం | మార్చి 16, సాయంత్రం 7:10

ఆలస్యానికి మన్నించండి. ఉగాది లోపల ముగించాలని రెండు ఆదివారాలు కూర్చున్నాను.

పాత ద్రావణం పీహెచ్ 9.2కి తెచ్చాను, ముప్ఫయి అయిదు చుక్కలు పట్టింది. కరెంటు సగానికి తగ్గించి ఒక పాత కేసు మీద చూశాను. ఎరుపు తగ్గింది గానీ పోలేదు. గీటురాయి గారు చెప్పినట్టే జరిగింది.

కొత్తగా పావు లీటరు ద్రావణం తీసుకుని వేరే బీకరులో మొదలుపెట్టాను. టైటానియం తీగ రాణిగంజ్‌లో దొరికింది. బ్యాటరీ దుకాణం నీళ్లు మూడు రకాలు తెచ్చి అద్దం మీద ఆరబెట్టాను. ఒకటి అచ్చంగా మా ఇంటి బోరు నీళ్లలా మచ్చ కట్టింది.

నిన్న మొదటి కేసు. ముందు తూకం 11.482 గ్రాములు. కరెంటు పెట్టి ముంచాను, 30 మిల్లీ యాంపియర్లు, 8 నిమిషాలు. జాడీలో ముంచి, కుంకుడు రసంతో మెత్తగా తుడిచి, ఆరబెట్టి తూచాను. 11.511. సరిగ్గా 29 మిల్లీగ్రాములు! త్రాసు చెడిపోయిందేమోనని మూడుసార్లు తూచాను. రంగు మొదటి రోజుల్లోలాగే పచ్చగా ఉంది.

పావు లీటరులో ఉన్నది అర గ్రాము. నూరు మిల్లీగ్రాములు దాటాక ఒక మిల్లీలీటరు. పుస్తకం మొదటి పేజీలో అదే రాసి పెట్టాను.

లాడ్‌బజార్ గాజు | మార్చి 16, సాయంత్రం 7:25

అభినందనలు! ఆ ఎర్ర ద్రావణం శుద్ధికి పంపుతారా? పంపేట్టయితే నాకివ్వండి, అందులోని బంగారం లెక్కకట్టి డబ్బులిస్తాను. ఈ మధ్య నా దగ్గర గాజులు తీసుకునే ఆడపిల్లలందరూ గులాబీ బంగారం కావాలంటున్నారు. మీ చెల్లెలి శీల పుణ్యమా అని నాకు ఆ రంగు తేరగా దొరుకుతుంది.

పాతగడియారం | మార్చి 16, సాయంత్రం 7:40

మీరు ఆలస్యం చేశారు. శీల సంగతి చెప్పాక చెల్లెలు నష్టపరిహారం అడిగింది. ఆమె దిద్దులన్నీ అదే ద్రావణంలో ఎర్రగా చేసి ఇవ్వాలట. అవి అయ్యాక మిగిలింది మీదే. అప్పటిదాకా పాత మందు సీసాలో పోసి బీరువా పైన పెట్టాను.

బాలానగర్ బాబాయి | మార్చి 16, సాయంత్రం 7:44

మందు సీసాలోనా? దాని మీద పాత చీటీ పూర్తిగా చింపి, కొత్త చీటీ అంటించి, పెద్ద అక్షరాలతో పేరు, తేదీ, విషం అని రాయండి. ఇప్పుడే లేవండి.

పాతగడియారం | మార్చి 16, సాయంత్రం 7:58

రాశాను, బాబాయి గారూ. తాళం కూడా వేశాను.